బాప్తిస్మపు తొట్టిలో త్రాసు

నరసరావుపేట
3 జులై 1946

కరుణకు అమ్మమ్మ దీవించి రాయునది.

మీ అమ్మ ఉద్యోగం మానుకుందని రాశావు. దిద్దుకో. మానుకోలేదు, మాన్పించారు. ముప్ఫయ్యొక్క ఏళ్లు బడిలో పలకలు దిద్దినదాన్ని. మనవరాలు మద్రాసులో డాక్టరు చదువు చదువుతోంది గదా అని తప్పు చూసి ఊరుకోలేను. 'పోనీలే, కొన్నాళ్లు విశ్రాంతి' అని కూడా రాశావు. పేరు పోయినవాళ్లకు విశ్రాంతి ఏందే?

జరిగింది ఇది. మీ నాన్న పోయినప్పటినుంచి తొమ్మిదేళ్లుగా మీ అమ్మ మిషను ఆడపిల్లల బోర్డింగులో మేట్రను గదా. రెండేళ్ల కిందట యేసుపాదం గారు మేనేజరుగా వచ్చాడు. ఈ ఏడు పిల్లలు నీరసపడ్డారు, ఇద్దరిని ఇళ్లకు పంపారు. కారణమేందని కమిటీ అడిగితే ఆయన రాసిచ్చిన కాగితం నకలు నా దగ్గరుంది: "బోర్డింగు పిల్లలు ఇరువది ఇద్దరూ ఎండుచున్నారు. మేట్రను ఒక్కతె ఊరుచున్నది. బియ్యము ఎటు పోవుచున్నవో కమిటీవారు కన్నులార చూచుకొనవచ్చును."

కమిటీవారు కన్నులార చూచుకున్నారు. నలుగురు మగవాళ్లు, ఒక దొరసాని. మీ అమ్మ లీలావతిని మధ్యన నిలబెట్టి పైనుంచి కిందికి చూసి, తలలూపి, సాక్ష్యం చాలన్నారు. మనిషి ఒళ్లే సాక్ష్యంగా తీసుకున్న కచేరీ నేను పల్నాడు మొత్తంలో వినలేదు.

మీ అమ్మ ట్రంకుపెట్టె మోయించుకుని ఇంటికి వచ్చి, గడపలో నిలబడి, "అమ్మా, రేపు పిల్లలకు తలంట్లు, కుంకుళ్లు నానబెట్టలేదు" అంది. అంతే.

పగ దేవుడికి వదిలిపెట్టమని పాస్టరుగారు సెలవిచ్చారు. వదిలిపెడతాను. కాని దేవుడికైనా కాగితాలు సిద్ధంచేసి పెట్టేవాళ్లు కావాలి. మళ్లీ విచారించమని అర్జీ పెట్టాను. సెప్టెంబరు ఏడున కమిటీ కూర్చుంటుంది. ఆ రోజు ఆ మనిషి చేత ఆ మాటలు ముక్క ముక్కగా వెనక్కి మింగించాలి.

ఏ తిండిలో ఎంత సత్తువ ఉందో మీ కాలేజీలో పట్టిక చెబుతారని లోగడ రాశావు. అది నకలు తీసి పంపు. మీ అమ్మ తినే ముద్ద ముద్దా తూస్తాను, మనిషినీ తూస్తాను. ఇంతే తిని కూడా ఆమె ఒళ్లు ఇట్లాగే ఉందని అంకెలతో వాళ్ల ముఖాన కొడతాను.

గేదె ఈనింది. పెయ్య.

నీ అమ్మమ్మ,
కృపామణి


మద్రాసు
8 జులై 1946

అమ్మమ్మకు కరుణ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి సాయంత్రం అన్నం మానేశాను. అమ్మను నడిమధ్యన నిలబెట్టి చూశారన్న మాట దగ్గరే ఆగిపోయాను.

పట్టిక పంపుతున్నాను. నీకు అలవాటైన పలాల్లోకి మార్చాను. పలం బియ్యానికి నూట ఇరవై కాలరీలు, జొన్నలకూ సుమారు అంతే, నూనెకు మూడువందలు పైన. కాలరీ అంటే మరేమీ కాదు, దీపంలో నూనె అనుకో. మనిషి ఊరికే కూర్చున్నా వత్తి కాలుతూనే ఉంటుంది. పోసిన నూనె, కాలిన నూనె సమానమైతే బరువు మారదు. ఎక్కువ పోస్తే మిగిలింది కొవ్వుగా నిలవ ఉంటుంది. తక్కువ పోస్తే ఆ నిలవ కరుగుతుంది, వారానికి పౌనో రెండో.

అమ్మ ఇప్పుడు ఇంట్లోనే ఉంది గనక పద్ధెనిమిది వందలు చాలు. నిజంగానే కొంచెం లావయి ఉంటే అందులో కాస్త తగ్గించినా నష్టమేమీ లేదు.

ప్రతి శనివారం ఒకే వేళకు, ఒకే చీరతో తూయి. జబ్బ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగి, ఆ మడత మందం కూడా కొలువు. చర్మం కింద కొవ్వెంతో కొంత తెలుస్తుంది.

పగ సంగతి మాత్రం నాకు భయంగా ఉంది. నువ్వు మొదలుపెట్టిన పని మధ్యలో ఆపడం నేనెన్నడూ చూడలేదు.

నీ కరుణ


నరసరావుపేట
22 జులై 1946

కరుణకు,

భయపడితే డాక్టరువు కాలేవు. ముందు అంకెలు చూడు.

మనిషిని తూచే యంత్రం ఊళ్లో లేదు, ఆస్పత్రి యంత్రం స్ప్రింగు పోయి మూలన పడుంది. అందుకని జిన్నింగు మిల్లులో దూది బోరేలు తూచే కాటా దగ్గరకు పోయాను. కాటాదారు అలీ సాహెబు కూతుళ్లిద్దరూ నా దగ్గరే అక్షరాలు దిద్దారు. "పంతులమ్మగారూ, ఈ కాటా మీద ఇప్పటిదాకా పత్తే తూచా, మనిషిని తూయడం ఇదే" అని ముఖం అటు తిప్పుకున్నాడు. ముల్లు చూసింది ఆయన భార్య అబిదా. నీ ఉత్తరం అందకముందే, జులై ఆరున, నూట నలభై ఎనిమిది పౌన్లు. పదమూడున నూట యాభై. ఇరవైన నూట యాభై మూడు.

ఇప్పుడు తిండి చూడు. 'తగ్గించినా నష్టం లేదు' అన్నావు గదా. మొదటి వారం పద్ధెనిమిది వందలు పెట్టాను. రెండోవారం పదమూడు వందలు. ఇప్పుడు పదకొండు వందలు. జొన్నరొట్టె మాన్పించాను, బరువైన తిండి అని. తొమ్మిది పలాల తెల్లటి మిల్లు బియ్యం, మూడు నీళ్లు కడిగి, గంజి వార్చి, పలచటి చారుతో. కడుగు, గంజి, తవుడు అన్నీ గేదెకు పోతున్నాయి. గేదె మటుకు అద్దంలా ఉంది.

నీ దీపం లెక్క ప్రకారం మీ అమ్మ ఈపాటికి పౌనో రెండో తగ్గాలి. అయిదు పెరిగింది. నూనె తీసేసిన కొద్దీ వత్తి పెద్దదవుతుందా? అబద్ధమాడేది నీ పట్టిక అయినా కావాలి, మీ అమ్మ అయినా కావాలి. పట్టిక అచ్చులో ఉంది.

దాచేదేముంది, రాస్తాను. అటుకుల డబ్బా మూతకు సన్నని దారం కట్టాను. బెల్లం కుండకూ కట్టాను. ఏ దారమూ తెగలేదు. జబ్బ చర్మం బడి డివైడరుతో కొలిచాను, నాకున్నంతే ఉంది. నేను ఎండుకట్టెను. మరి ఆ పౌన్లు ఎక్కడ దాక్కున్నాయో చెప్పు. ఈ అంకెలతో కమిటీ ముందుకు పోతే యేసుపాదం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు.

కృపామణి


మద్రాసు
27 జులై 1946

అమ్మమ్మా,

దారం కట్టావా? అమ్మకా? బోర్డింగులో చిన్నపిల్లలు ఏడిస్తే తన కంచంలోది తీసి పెట్టేదని నువ్వే కదా నాతో చెప్పావు. మాట తూలితే క్షమించు. కాని ఆ దారాలు ఈ రోజే తెంపెయ్యి, తిండి మళ్లీ పద్ధెనిమిది వందలు చెయ్యి.

పట్టిక అబద్ధమాడదు, అమ్మా ఆడదు. బరువంతా కొవ్వే అనుకోవడం మన తప్పు. ఒంట్లో ఎముక ఉంది, కండ ఉంది, నీరుంది. మొన్న మా ప్రొఫెసరుగారు ఒక సంగతి చెప్పారు. కొవ్వు నీటికన్నా తేలిక, కండ, ఎముక బరువు. అందుకని నావికాదళంలో వైద్యులు మనిషిని గట్టుమీద ఒకసారి, నీళ్లలో పూర్తిగా ముంచి ఒకసారి తూస్తారట. నీళ్లలో ఎంత తూగాడో చూసి, ఒంట్లో కొవ్వెంతో లెక్క కడతారట. ఊరికే నీకు వినోదంగా ఉంటుందని రాస్తున్నాను. మనం చేసేది కాదు.

రెండు ప్రశ్నలకు తప్పకుండా జవాబు రాయి. అమ్మ పాదాలు వాచాయా? నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోందా?

కరుణ


నరసరావుపేట
12 ఆగస్టు 1946

కరుణకు,

'మనం చేసేది కాదు' అని ఇంకెప్పుడూ రాయొద్దు. చేశాం.

మనిషి మెడలోతు మునిగే తొట్టి ఊళ్లో ఒకటే ఉంది, మన గుళ్లో ప్రసంగపు పీఠం ముందు పలకల కింద బాప్తిస్మపు తొట్టి. తొట్టి కడిగించాలని పాస్టరుగారి భార్యకు చెప్పి తాళం తీసుకున్నాను. అబద్ధం కాదు, ముందు కడిగించాను. శనివారం మధ్యాహ్నం అబిదా, రోజాలో ఉండి నోట్లో చుక్క నీళ్లు లేకుండానే, మిల్లులోనుంచి కొక్కెం త్రాసు మోసుకొచ్చింది. దూలానికి త్రాసు, త్రాసుకు ఉయ్యాలపీట. పీట తేలకుండా దానికి పడికట్టు రాళ్లు కట్టి, ఆ బరువు ముందే తూచి విడిగా రాసుకున్నాం. మీ అమ్మ పీటమీద కూర్చుని, ఊపిరంతా వదిలి తల ముంచాలి. ముల్లు నిలిచేదాకా ఉండాలి. మొదటిసారి నవ్వొచ్చి లేచింది. రెండోసారి నీళ్లు మింగింది. మూడోసారి కుదిరింది.

గట్టుమీద నూట యాభై ఎనిమిది. నీళ్లలో నాలుగు పౌన్లు. దీన్నుంచి ఏం తేలుతుందో నువ్వు తేల్చు.

ఈలోగా ఊరు వేరే తేల్చింది. యేసుపాదం పెళ్లాం కిటికీలోనుంచి చూసిందట. సాయంత్రానికల్లా పేటంతా పాకింది, లీలావతి దొంగతనం ఒప్పుకుని రెండో బాప్తిస్మం పుచ్చుకుంది అని. "ఒక్కసారి మునిగితే పోని పాపమేముందమ్మా? మూడుసార్లు మునిగింది, ఎన్ని బస్తాలు తిన్నదో!" అని బావి దగ్గర మాట్లాడుకుంటుంటే నా చెవులారా విన్నాను.

నిన్న ఆదివారం ఆరాధనలో యేసుపాదం లేచి, కళ్లు మూసుకుని, "దారితప్పి తిరిగివచ్చిన మన సహోదరి కొరకు" ప్రార్థన చేశాడు. ఆమేన్ అనేలోపల నేను లేచి నిలబడ్డాను. "ఆమె పాపం కడుక్కోలేదయ్యా, తూచుకుంది. నీది కడగాలంటే ఆ తొట్టి చాలదు" అన్నాను. పాస్టరుగారు పాటల పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు.

నీ ప్రశ్నలా? ఆయాసం ఎవరికి రాదు? యేసుపాదం ఇంటి ముందునుంచి గుడికి నడవాలంటే నాకూ వస్తుంది. పాదాల సంగతి నేను చూడలేదు. చెప్పులు బిగువని వేసుకోవడం మానేసింది. తిండి పెంచమన్నావు గాని, విచారణ ఇంక నాలుగు వారాలే. అప్పటికి మనిషి కాస్త నాజూకుగా కనబడితే సగం వ్యాజ్యం గెలిచినట్టే. అందుకని పెంచలేదు.

దారాలు మాత్రం తెంపాను.

కృపామణి


మద్రాసు
15 ఆగస్టు 1946

అమ్మమ్మా,

ఈ ఉత్తరంకన్నా ముందే నా టెలిగ్రాం అంది ఉంటుంది. అందులో రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను.

అంత బరువు నిజంగా కొవ్వే అయితే నీళ్లలో ముల్లు సున్నా దగ్గర ఉండేది. అమ్మ బెండులా తేలేది. అమ్మ మునిగింది. అది కొవ్వు కాదు. జబ్బ మడత కూడా అదే చెప్పింది. ముప్ఫయి పౌన్ల దాకా నీరు ఒంట్లో నిలిచిపోయి ఉంది. తిండి తగ్గించిన కొద్దీ బరువు పెరిగింది ఇందుకే.

మొదటి పని. అమ్మ మోకాలి కిందుగా ముందువైపు ఎముకమీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పది లెక్కపెట్టి తియ్యి. గుంట పడి అట్లాగే ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకు, ఆస్పత్రికి తీసుకుపో. ఇది బెరిబెరి. బియ్యం పై పొరలో ఉండే సత్తువ మిల్లులో పోతుంది, మిగిలింది కడుగులో, గంజిలో పోతుంది. అది లేకపోతే గుండె అలిసిపోయి ఒంటికి నీరు పడుతుంది. ఆయాసమంటే గుండె సాయం అడుగుతున్నదన్నమాట. అమ్మమ్మా, ఇట్లాంటివాళ్లు నీళ్ల కుండ ఎత్తబోయి అక్కడికక్కడే పోవడం మా వార్డులో రెండుసార్లు చూశాను.

మందు, సూదిమందు రైల్లో పంపాను. తెల్లన్నం ఆపెయ్యి. జొన్నలు, పెసలు, దంపుడు బియ్యం పెట్టు. గేదెకు పోసే తవుడు అమ్మకు పెట్టు.

'తగ్గించినా నష్టం లేదు' అన్న మాట నా చేత్తో రాశాను. నువ్వు నన్ను తిట్టకపోతే నాకు ఊపిరాడదు.

కరుణ


నరసరావుపేట
21 ఆగస్టు 1946

కరుణా,

మీ అమ్మ బతికింది. అది ముందు చదివి, తక్కినది నిదానంగా చదువుకో.

టెలిగ్రాం అందిన మధ్యాహ్నమే నొక్కాను. గుంట పడింది. చింతగింజ పెడితే నిలిచేంత గుంట. పది కాదు, నలభై లెక్కపెట్టాను, పూడలేదు. అలీ సాహెబు పత్తిబండి తోలించాడు. ఆస్పత్రి లేడీ డాక్టరు చెయ్యి పట్టి చూసి, "ఇంకో వారం ఆగితే నా దగ్గరకు కాదు, పాస్టరు దగ్గరకు తీసుకుపోయేవాళ్లు" అంది. నీ మందే పనిచేసింది.

నిన్ను తిట్టను. తిట్లన్నీ నాకే సరిపోవడం లేదు. కమిటీ ఆమెను కంటితో చూసింది. నేను పౌన్లతో చూశాను. బొటనవేలితో చూడాలని ఇద్దరికీ తోచలేదు.

ఆయాసం వస్తుంటే నోరు తెరిచి చెప్పవేమే అని మంచం పక్కన కూర్చుని అడిగాను. "నన్ను తూస్తున్నన్ని రోజులూ హుషారుగా ఉన్నావమ్మా, మధ్యలో ఆపడం ఎందుకులే అనుకున్నా" అంది.

ఇంక రాయలేను.

అమ్మమ్మ


నరసరావుపేట
10 సెప్టెంబరు 1946

కరుణకు,

నేను మెత్తబడ్డాననుకుని 'ఇంక ఆ గొడవ వదిలెయ్యి' అని కార్డు ముక్క రాశావు. మెత్తబడ్డవి మీ అమ్మ కాళ్లు. నేను కాదు.

ఆమె ఇప్పుడు నూట ఇరవై ఆరు పౌన్లు. ముప్ఫయి రెండు పౌన్ల నీరు పోయింది. రోజుకు రెండువేల రెండువందలు తింటోంది. తిన్న కొద్దీ తగ్గింది! చెంపల ఎముకలు బయటపడ్డాయి. చెప్పులు పడుతున్నాయి. ఏడో తారీకున ఆమెను వెంటబెట్టుకుని కమిటీకి పోయాను.

లోపలికి అడుగుపెట్టగానే దొరసాని "ఈమె ఎవరు?" అంది.

"బస్తాలు తిన్నావిడ" అన్నాను. "ఇప్పుడు రెట్టింపు తింటోంది. కన్నులార చూచుకొనండి."

శనివారాల అంకెలు, తొట్టి అంకెలు, డాక్టరు కాగితం బల్లమీద పెట్టాను. యేసుపాదం కళ్లజోడు సర్దుకుని, "జబ్బయితే జబ్బే కావచ్చు. పిల్లలు ఎండటానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నాడు. ఆ మాట కోసమే కూర్చున్నాను. పిల్లల్ని పిలిపించమన్నాను. వరసన నిలబెట్టి, దొరసాని చేతనే ఒక్కొక్క కాలు నొక్కించాను. ఇరవై రెండుమందిలో తొమ్మిదిమందికి గుంటలు పడ్డాయి.

అప్పుడు వంటింటి గోడమీది కాగితం ఊడదీసి తెచ్చాను. యేసుపాదం గారి సొంత దస్తూరీ: "జొన్నలు వండరాదు. తెల్లని మిల్లు బియ్యమే వాడవలెను. మూడు నీళ్లు కడిగి గంజి వార్చవలెను." జొన్నలు కూలివాళ్ల తిండి, మన పిల్లలు నలుగురిలో గౌరవంగా బతకాలి అని ఆయన ఉద్దేశం. దొంగ కాదే ఆ మనిషి. దొంగయితే నాకు తేలికగా ఉండేది. గౌరవం వండి వడ్డించి, సత్తువంతా గంజిలో వార్చి, ఆ గంజి తన దొడ్లో గేదెలకు పోయించాడు. పిల్లల నోట్లో గౌరవమొక్కటే పడేది. ఇంటిదగ్గర నేను చేసిందీ అదే. కాని నేను ఇంకొకరిని దొంగ అనలేదు. ఇంకా నయం, దారం దగ్గరే ఆగాను.

"నా వంటలో లోపమేముంది? పిల్లలు తినేది నేనైనా తింటాను!" అని ఆ మనిషి బల్ల గుద్దాడు.

"తినండి" అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. "పిల్లలకు రేపటినుంచి జొన్నలు, దంపుడు బియ్యం. మేనేజరుగారికి మాత్రం పాత పద్ధతే, నవంబరు కమిటీదాకా. బోర్డింగులోనే కూర్చుని, పిల్లలకు పెట్టిన కొలతే తినాలి. రోజుకు పన్నెండువందల యాభై. లేడీ డాక్టరు వారం వారం చెయ్యి చూస్తుంది, నేను తూస్తాను. అలీ సాహెబు కాటామీద, ప్రతి శనివారం, మిల్లు కూలీలు దిగే వేళకు."

పాస్టరుగారు దగ్గాడు. దొరసాని "మంచి ప్రయోగమే" అని రాసుకుంది. అన్న మాట తిరగదీసుకుంటే పరువు పోతుందని ఆ మనిషి ఒప్పుకున్నాడు. మర్నాడు గుళ్లో లేచి తన కాగితం వెనక్కి తీసుకుంటున్నానని చదివాడు. సగం గొంతులోనే చదివాడు. "వెనక బెంచీలకు వినబడలేదు" అన్నాను. రెండోసారి చదివాడు.

మీ అమ్మను మళ్లీ మేట్రనుగా తీసుకున్నారు. నేను వద్దన్నాను. ఆమె పోయింది, కుంకుళ్లు నానబెట్టాలని.

యేసుపాదం గారి మొదటి తూకం నూట డెబ్బయి ఒకటి. నా గోడమీద గళ్ల కాగితం అంటించి, మొదటి చుక్క పెట్టాను. ఎర్రసిరాతో.

కృపామణి


మద్రాసు
16 సెప్టెంబరు 1946

అమ్మమ్మా,

అమ్మ నడుస్తోందని చదివి హాస్టలు పిల్లలందరికీ పకోడీలు కొనిపెట్టాను.

నువ్వు గెలిచావు. అమ్మ పేరు అమ్మకు వచ్చింది. ఇంక ఆ మనిషిని తూయడం ఎందుకు? ఆయనకు యాభై దాటాయి. ఆకలితో ఉన్న మనిషిని పదిమందిలో కాటా ఎక్కించడం, అమ్మను నిలబెట్టి చూడడం, ఈ రెంటికీ తేడా నాకు కనబడడం లేదు. కోపం వస్తే రెండు రోజులు జవాబు రాయకు, మూడో రోజు రాయి.

కరుణ


నరసరావుపేట
12 అక్టోబరు 1946

కరుణకు,

మూడో రోజు రాయమన్నావు. నాలుగు వారాలు పట్టింది. తేడా కనబడలేదన్నావు. తేడా ఉంది. మీ అమ్మ ఎక్కడా గొప్పలకు పోయి నోరు జారలేదు. నన్ను దిద్దబోయి నువ్వే తప్పులో పడ్డావు. అయినా ఈ వారం జరిగింది వింటే నవ్వుతావు. నవ్వినట్టు మాత్రం నాకు రాయొద్దు.

మొదటి శనివారం యేసుపాదం రెండు పౌన్లు తగ్గి నూట అరవై తొమ్మిది తూగాడు. కూలీలు కాటా చుట్టూ మూగారు. "మేనేజరుగారూ, బోరే కాస్త వదులైంది" అని ఎవరో అన్నారు. నాకు ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది. రెండో శనివారం నూట అరవై తొమ్మిదే. మూడోది నూట డెబ్బయి. నాలుగోది మళ్లీ నూట డెబ్బయి. ముల్లు దిగదేమి? ఇంటికిపోయి తింటున్నాడేమోనంటే పొద్దుటినుంచి సాయంత్రందాకా బోర్డింగు ఆఫీసులోనే ఉంటాడు, రాత్రిళ్లు ఇంట్లో పెళ్లాం పొయ్యి రాజేయడం లేదని ఇరుగుపొరుగు చెప్పారు. లెక్క వేశాను. రోజుకు అయిదారు వందల కాలరీలు ఎక్కడినుంచో వస్తున్నాయి.

మొన్న గురువారం మధ్యాహ్నం చెప్పకుండా భోజనాల హాలుకు పోయాను. ఆయన కంచం ముందు తల వంచుకుని ఉన్నాడు. తెల్లన్నం, పలచటి చారు, నా కొలత ప్రకారమే. వేళ్లతో అన్నం పక్కకు తీశాడు. అన్నం కింద జొన్నరొట్టె. రొట్టె మడతలో వేరుసెనగ పచ్చడి.

వడ్డించింది మీ అమ్మ. ఇరవై రెండుమంది పిల్లలకూ తెలుసు, నాకే తెలియదు.

వంటింట్లోకి లాక్కుపోయాను. "ఏమే, ఆ మనిషి నిన్నేమన్నాడో మరిచావా?"

"మరవలేదమ్మా. రోజూ వడ్డించేటప్పుడు గుర్తొస్తది."

"మరి?"

"గుర్తుపెట్టుకునే పెడుతున్నా. ఆయనకూ తినేటప్పుడు గుర్తొస్తది గదా." గరిటె కడుక్కుంటూ అంది. "మొదటి రోజు రొట్టె చూసి చేతులు ఆగిపోయినయ్. తలెత్తి నన్ను చూడలేక అట్లాగే తిన్నాడు. ఇప్పటికీ తలెత్తడు. నీ కాటామీద ఒక్క పౌను తగ్గాడు. నా కంచం దగ్గర సగమయ్యాడు."

అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, పగ అంటే నాకే తెలుసనుకున్నాను. కడుపున పుట్టింది నన్ను మించింది. అంత నెమ్మది మనిషిలో ఇది ఎక్కడ దాక్కుందో ఏ తొట్టిలో ముంచి తూస్తే తెలుస్తుంది?

నేను మాత్రం మానను. నవంబరుదాకా తూస్తాను, చుక్కలు పెడతాను. చుక్కలు దిగకుండా అడ్డంగా పోతుంటే ఆ గీత చూసి యేసుపాదం ఒక్కడికే అర్థమవుతుంది, తన కడుపు ఎవరు నింపుతున్నారో. కూలీలకు అర్థం కాదు, కమిటీకి అర్థం కాదు. అది నా ఎర్రసిరాకన్నా ఎరుపు.

అయితే దొరసాని మొన్న నా గళ్ల కాగితం చూసి, "ఈయన ఎందుకు తగ్గడం లేదు? జొన్నపిండి డబ్బా భద్రంగా ఉందా?" అని అడిగింది. అందుకని ఒక పని చెయ్యి. నెలాఖరుకు వచ్చేటప్పుడు చైనా బజారులో ఒక ఇత్తడి తాళం కొనుక్కురా. మరీ పెద్దది వద్దు, డబ్బా గొళ్లేనికి పట్టేది చాలు. దుకాణంలోనే రెండుసార్లు వేసి తీసి చూడు, తుప్పుమీద నూనె పూసినది ఇస్తారు. తాళంతోపాటు రెండు చెవులు ఇస్తారు. ఒకటి నాకు నలుగురి ఎదుటా ఇవ్వు. రెండోది మీ అమ్మ చేతికి ఇచ్చేటప్పుడు ముందుగా దగ్గు, నేను గేదె దగ్గరకు పోతాను.

నీ అమ్మమ్మ,
కృపామణి